ప్రాణం తీసిన చెయ్యి జవాబు చెప్పాలి

(కె.జి. కన్నబిరాన్ స్మారక ఉపన్యాసం)



పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారి పేరు మీద ఉపన్యాసం అన్నప్పుడు విషయం కోసం వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. 2010 డిసెంబర్ 30న కన్నుమూసేదాకా ఆయన కోర్టుల్లో, కమిషన్ల ముందు, సభల్లో ఒక ప్రశ్నను వదలకుండా అడిగారు. ఒక మనిషి ప్రాణం పోయింది, తీసినవాడు కళ్ళెదుటే ఉన్నాడు, తప్పనిసరై తీశానంటున్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చేది ఎవరు? చనిపోయినవాడు ఎంత చెడ్డవాడు, చంపినవాడు ఏ యూనిఫాం వేసుకున్నాడు అన్నవి ఆ తర్వాతి సంగతులు. తేల్చే అధికారం ఎవరిదన్నది మొదటి సంగతి.

ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే. మన చట్టం పోలీసుకైనా, పౌరుడికైనా చంపే హక్కు ఇవ్వలేదు. బలం వాడక తప్పని క్షణం వచ్చిందని తర్వాత కోర్టు ముందు చెప్పుకునే వీలు ఇచ్చింది. ఆ వీలు చాలా ఉదారమైనది. ఆ ఉదారత నిలబడాలంటే చెప్పుకోవడం అనే రెండో ఘట్టం తప్పకుండా జరగాలి. అది జరగని చోట ఆత్మరక్షణ అన్న మాటకు చట్టంలో విలువ ఉండదు.

1. పౌరుడి ఆత్మరక్షణ

పోలీసు కంటే ముందు మామూలు మనిషి గురించి మాట్లాడుకుందాం. ఈ చట్టానికి మూలం అక్కడే ఉంది.

మెకాలే అధ్యక్షతన తొలి లా కమిషన్ 1837లో శిక్షాస్మృతి ముసాయిదా తయారుచేసినప్పుడు దేశంలో దోపిడీ దండులు తిరుగుతున్నాయి, పోలీసు ఠాణాలు ఊళ్ళకు ఆమడల దూరంలో ఉన్నాయి. దాడి జరిగితే మనిషి చేతులు ముడుచుకుని కూర్చోకూడదు, ఎదిరించాలి, ఎదిరించినవాణ్ణి చట్టం శిక్షించకూడదు అన్న ఆలోచనతోనే ఆత్మరక్షణ సెక్షన్లు పుట్టాయి. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 96 నుంచి 106 వరకు ఉన్న ఆ సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు వచ్చి కూర్చున్నాయి. అంకెలు మారాయి గానీ సారం మారలేదు.

ఆ సారం తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. మన ఒంటినే కాదు, ముక్కూమొహం తెలియని మరొకరి ఒంటిని కాపాడటానికి కూడా బలం వాడవచ్చు. మన ఆస్తి కోసం వాడవచ్చు, పక్కవాడి ఆస్తి కోసమూ వాడవచ్చు. దాడి చేసేవాడు మతిస్థిమితం లేనివాడైనా ఎదిరించే హక్కు తగ్గదు. దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు. దాడి జరుగుతుందన్న సహేతుకమైన భయం కలిగిన క్షణాన హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపూ ఉంటుంది. ప్రాణం పోతుందని, తీవ్రగాయం అవుతుందని భయం కలిగించే దాడి, అత్యాచార యత్నం, అసహజ లైంగిక దాడి, అపహరణ, అధికారుల సాయం పొందే దారి లేకుండా చేసే నిర్బంధం, 2013లో చేరిన యాసిడ్ దాడి. ఈ ఏడు సందర్భాల్లో ఎదిరించే క్రమంలో దాడి చేసినవాడి ప్రాణం పోయినా అది నేరం కాదు. ఈ సంగతి మన ఆడపిల్లలకు హైస్కూల్లోనే చెప్పాలి. తిరగబడితే తామే జైలుకు పోతామన్న భయంతో మౌనంగా ఉండిపోయేవాళ్ళు మన చుట్టూ ఎందరో ఉన్నారు.

ఈ హక్కును సుప్రీంకోర్టు ఎలా చూసిందో చెప్పడానికి రెండు కేసులు చాలు.

మొదటిది కట్నీలో జరిగింది. 1950లో ఆ మధ్యప్రదేశ్ పట్నంలో మత కల్లోలం చెలరేగింది. ఒక దుకాణదారు ఇంట్లో ఉన్నాడు. అదే కట్టడంలో పక్కనే ఉన్న అన్నదమ్ముల దుకాణాన్ని గుంపు అప్పటికే దోచేసింది. ఆడవాళ్ళూ పిల్లలూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అతని దగ్గరికి చేరారు. గుంపు వచ్చి అతని తలుపు మీద లాఠీలతో బాదింది. అతను తుపాకీ పేల్చాడు. ఒకరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. కింది కోర్టులు శిక్ష వేశాయి. 1952లో అంజాద్ ఖాన్ కేసుగా పేరుపడ్డ ఆ అప్పీలులో సుప్రీంకోర్టు అతణ్ణి విడుదల చేసింది. తలుపు విరిగి గుంపు లోపలికి వచ్చేదాకా అతను ఆగి ఉండాల్సిందని అనడానికి వీల్లేదంది. ప్రాణభయంలో ఉన్న మనిషి వాడిన బలాన్ని బంగారం తూచే తక్కెడలో పెట్టి తూచకూడదని ఆ తర్వాత న్యాయస్థానాలు పదేపదే చెబుతూ వచ్చాయి.

రెండోది బీహార్‌లో జరిగింది. పొరుగింటివాళ్ళు తన మరుగుదొడ్డి వాడుతున్నారని కోపమొచ్చిన ఒకాయన దారికి అడ్డంగా తొడుగు లేని రాగితీగ కట్టి కరెంటు పెట్టాడు. పొరుగింటి ఆడమనిషి ఆ తీగ తగిలి చనిపోయింది. నా స్థలంలోకి చొరబడింది గనక నాది ఆస్తిరక్షణ అని అతను వాదించాడు. 1960ల తొలినాళ్ళలో చెరుబిన్ గ్రెగరీ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టివేసి శిక్షను ఖాయం చేసింది. అడుగు పెట్టకూడని చోట అడుగు పెట్టినంత మాత్రాన మనిషికి చట్టరక్షణ పోదన్నది ఆ తీర్పు సారం. మన పల్లెల్లో అడవిపందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ లాగుతున్న రైతులు ఈ తీర్పు గురించి తెలుసుకోవాలి. వేకువన నీళ్ళు కట్టడానికి వచ్చిన పక్కచేను రైతు, కూలీ ఆ తీగలకు బలవుతున్నారు. వచ్చింది పందో మనిషో తీగకు తెలియదు. కట్నీ దుకాణదారు ఎదుట ఉన్న ప్రమాదాన్ని చూసి నిర్ణయించుకున్నాడు. తీగ కట్టినవాడు ఎవరొచ్చినా చావాల్సిందేనని ముందే నిర్ణయించేశాడు. మొదటిదానికి చట్టం గొడుగు పట్టింది, రెండోదానికి పట్టలేదు.

ఈ హక్కుకు హద్దులు న్యాయ సంహిత 37వ సెక్షన్‌లో ఉన్నాయి. పోలీసుల సాయం పొందే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. రక్షణకు అవసరమైన దానికంటే ఎక్కువ హాని చేయకూడదు. దొంగను పట్టుకుని స్తంభానికి కట్టేశాక భయం తీరిపోయింది, హక్కు కూడా అక్కడితో తీరిపోయింది. ఆ తర్వాత పడే ప్రతి దెబ్బా నేరమే. కళ్ళెదుట పెద్ద నేరం జరిగితే పట్టుకునే అధికారం మామూలు పౌరుడికీ ఉంది, కానీ ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ గడువు పెట్టింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్ల మీద హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. అదే ఏడాది బీదర్ జిల్లాలో హైదరాబాద్ ఇంజినీరు ఒకరు అలాంటి పుకారుకే బలైపోయారు. ఊరిని కాపాడుకుంటున్నామన్న నమ్మకం ఆ గుంపుల్లో కొందరికి నిజంగానే ఉండి ఉండవచ్చు. భయం సహేతుకమా అన్న ప్రశ్న వేసుకోవడానికి ఒక్క నిమిషం కూడా ఆగని చోట ఆత్మరక్షణ ఉండదు, హత్యే ఉంటుంది.

ఇక నిరూపణ సంగతి. ఆత్మరక్షణ అని చెప్పుకునేవాడే దాన్ని చూపించాలి. ప్రాసిక్యూషన్ మీద ఉన్నంత బరువు అతని మీద ఉండదు. తన కథ నమ్మదగ్గదేనని అనిపించగలిగితే చాలు. నోరు తెరిచి చెప్పకపోయినా రికార్డులో ఉన్న సాక్ష్యం నుంచి కోర్టు ఆ హక్కును తనంతట తాను గుర్తించవచ్చు. మంచి ఉద్దేశంతోనే హద్దు దాటాడని తేలితే హత్యానేరం చిన్న నేరంగా తగ్గుతుంది. ఇంత సౌలభ్యం ఇచ్చిన చట్టం బదులుగా అడిగేది ఒక్కటే. కోర్టుకు వచ్చి చెప్పమంటుంది.

2. పోలీసు అధికారం ఎంతవరకు

పోలీసు చేతిలో తుపాకీ పెట్టిన చట్టం ఆ తుపాకీకి మూడు దారులు చూపింది. అరెస్టు ఒకటి, గుంపును చెదరగొట్టడం రెండు, ఆత్మరక్షణ మూడు. నాలుగోది లేదు.

అరెస్టును బలవంతంగా ప్రతిఘటిస్తే అవసరమైన అన్ని మార్గాలూ వాడవచ్చని సురక్షా సంహిత 43వ సెక్షన్ అంటుంది. అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది. మరణశిక్షో, యావజ్జీవమో పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదని. ఈ మాటను తిరగేసి చదివి, హత్యానేరం ఆరోపణ ఉంటే కాల్చవచ్చన్నమాట అనేవాళ్ళు ఉన్నారు. అది తప్పు. అవసరమైన మేరకే అన్న షరతు ఎంత పెద్ద నేరం ఆరోపణ ఉన్నవాడికైనా వర్తిస్తుంది. అప్పటికే కస్టడీలో ఉన్నవాణ్ణి అరెస్టు చేయడమన్న ప్రసక్తే రాదు. నేరస్థుడైనంత మాత్రాన నిందితుణ్ణి చంపడం పోలీసు విధి కాదని, పట్టుకుని విచారణకు నిలబెట్టడమే విధి అని 2012లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఆత్మరక్షణ విషయంలో పోలీసుకు ప్రత్యేకమైన సెక్షన్ లేదు. కట్నీ దుకాణదారుకు ఉన్న హక్కే కానిస్టేబుల్‌కూ ఉంది. అదే భయం, అదే కొలత, అదే హద్దు. తేడా ఏమిటంటే పోలీసుకు శిక్షణ ఉంది, తోటివాళ్ళున్నారు, వైర్‌లెస్ ఉంది. కాబట్టి అవసరం ఎంతవరకు అన్న ప్రశ్న అతని విషయంలో ఇంకా గట్టిగా అడగాలి.

ఈ అధికారాన్ని అరువివ్వడం కూడా కుదరదు. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో చదువూ శిక్షణా అంతంత మాత్రమైన ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులన్నారు. 2011 జూలైలో నందినీ సుందర్ కేసులో మన తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ ఆ ఏర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చి ఆయుధాలు వెనక్కి తీసుకోమన్నారు. బలప్రయోగం రాజ్యం బాధ్యత అయినప్పుడు దానికి జవాబు చెప్పే బాధ్యతా రాజ్యానిదే. పౌరుల భుజాల మీద తుపాకీ పెట్టి ఆ బాధ్యత నుంచి రాజ్యం తప్పుకోలేదు.

3. జనం మీద తూటా

గుంపును చెదరగొట్టే అధికారం సురక్షా సంహితలో 148 నుంచి 151 వరకు ఉన్న సెక్షన్లలో ఉంది. ముందు వెళ్ళిపొమ్మని ఆజ్ఞాపించాలి. వినకపోతే బలంతో చెదరగొట్టవచ్చు. అప్పటికీ కుదరక సైన్యాన్ని పిలిచినా, పని జరగడానికి సరిపడేంత తక్కువ బలం, తక్కువ హాని అని చట్టమే రాసిపెట్టింది. ప్రాణాపాయం ఎదురైనప్పుడే తుపాకీ అన్న సూత్రాన్ని 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి సమావేశం ఆమోదించింది.

మన నేల మీద ఈ సెక్షన్ల చరిత్ర ఊళ్ళ పేర్లలో ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూముల కోసం సభకు వచ్చిన గోండుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళు 13 మంది అన్నది ప్రభుత్వం చెప్పిన లెక్క, ఆదివాసులు చెప్పే లెక్క ఇంకా చాలా ఎక్కువ. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీల మీద ఉద్యమించినవాళ్ళు, 2007 జూలై 28న ముదిగొండలో ఇళ్ళస్థలాలు అడిగినవాళ్ళు, 2010 జూలై 14న సోంపేటలో చిత్తడి నేలలైన బీల భూములు పోతాయన్న రైతులు, మత్స్యకారులు తూటాలకు బలయ్యారు. ప్రతిసారీ గుంపు రాళ్ళు రువ్విందన్నారు. రువ్వే ఉండవచ్చు. రాయికి తూటా సమానమా, హెచ్చరిక వినిపించిందా, తూటాలు ఒంట్లో ఏ భాగానికి తగిలాయి, పారిపోతున్నవాళ్ళ వీపులకు తగిలాయా అన్నవి ఒక న్యాయమూర్తి ముందు సాక్ష్యంతో తేలాల్సిన ప్రశ్నలు. నష్టపరిహారం ప్రకటించగానే ఆ ప్రశ్నలు తీరిపోవు. పైగా 151వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ఈ కాల్పుల మీద ప్రాసిక్యూషన్ నడవదు. కాల్పులకు ఆదేశించిన యంత్రాంగమే అనుమతి ఇవ్వాల్సిన యంత్రాంగం కావడం ఈ చట్టంలోని పెద్ద లోపం.

4. చనిపోయినవాడే ముద్దాయి

ఎమర్జెన్సీ కాలంలో, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. ఎమర్జెన్సీ ఎత్తేశాక 1977లో వి.ఎం. తార్కుండే అధ్యక్షతన ఏర్పడ్డ నిజనిర్ధారణ కమిటీ ఊళ్ళు తిరిగి సాక్ష్యాలు సేకరించింది. అందులో కవి కాళోజీ ఉన్నారు, కన్నబిరాన్ ఉన్నారు. పట్టుకుని, కట్టేసి, కాల్చారని ఆ కమిటీ తేల్చింది. ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ కమిషన్‌ను నియమించక తప్పలేదు. ఆ విచారణ చివరిదాకా బహిరంగంగా సాగలేదు. కానీ ఎన్‌కౌంటర్ అన్న పోలీసు ప్రకటనను సాక్షిని నిలబెట్టి అడ్డుప్రశ్నలు వేసి పరీక్షించవచ్చని మన రాష్ట్రం మొదటిసారి చూసింది.

ఆ తర్వాత దశాబ్దాల పాటు జరిగిన తంతును న్యాయవాదులందరూ ఎరుగుదురు. కాల్పులు జరిగిన రోజున ఎఫ్.ఐ.ఆర్. రాసేది కాల్పులు జరిపిన దళం చెప్పిన మాట మీద. నేరం పోలీసుల మీద హత్యాయత్నం. నిందితుడు శవమై పడి ఉన్నవాడు. దర్యాప్తు చేసేది ఆ ఠాణాయో, పక్క ఠాణాయో. చివరికి నిందితుడు చనిపోయినందున కేసు మూసివేస్తున్నామని ఒక కాగితం. ఒక మనిషి ప్రాణం ఎలా పోయిందన్న ప్రశ్న ఆ ఫైలులో ఎక్కడా ఉండదు. ఆత్మరక్షణ అని చెప్పుకున్నవాడే అది నిజమని సర్టిఫికెట్ కూడా రాసుకున్నాడు.

ఈ తంతును ఎండగట్టింది ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘమే. ఆ సంఘం ఫిర్యాదు మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారణ చేసింది. 1997 మార్చిలో కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు. ఎన్‌కౌంటర్ మరణాన్ని నేర సమాచారంగా నమోదు చేయాలని, దర్యాప్తును సి.ఐ.డి. లాంటి వేరే సంస్థకు ఇవ్వాలని అందులో ఉంది. 2006 జూలైలో నల్లమలలో మావోయిస్టు రాష్ట్ర కార్యదర్శి మాధవ్, మరికొందరు చనిపోయాక మొదలైన వ్యాజ్యం ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాకా వెళ్ళింది. 2009 ఫిబ్రవరిలో జస్టిస్ గోడా రఘురాం నాయకత్వంలోని ఆ ధర్మాసనం తీర్పు చెప్పింది. పోలీసుల చేతిలో మనిషి చనిపోతే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయాల్సిందే. ఆత్మరక్షణ అన్నది కోర్టులో విచారణ సమయంలో నిరూపించుకోవాల్సిన వాదన, దర్యాప్తు అధికారి దాన్ని ఒప్పేసుకుని ఫైలు మూయడానికి వీల్లేదు. తెలుగు నేల మీద నుంచి దేశ న్యాయశాస్త్రానికి అందిన గొప్ప కానుకల్లో ఆ తీర్పు ఒకటని నేను మనసా నమ్ముతాను.

పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళడంతో ఆ తీర్పు అమలు ఆగిపోయింది. 2014 సెప్టెంబర్ 23న పి.యు.సి.ఎల్. కేసులో సుప్రీంకోర్టు 16 మార్గదర్శకాలు ఇచ్చి, చట్టంతో సమానంగా పాటించమంది. ఎఫ్.ఐ.ఆర్. నమోదు, సి.ఐ.డి. లేదా వేరే ఠాణా బృందంతో దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ, వాడిన ఆయుధాల అప్పగింత, గాయపడ్డవాడికి వైద్యం, కుటుంబానికి సమాచారం, వెంటనే పదోన్నతులూ శౌర్య పతకాలూ ఇవ్వకపోవడం, అన్యాయం జరిగిందనుకుంటే కుటుంబం సెషన్స్ జడ్జిని ఆశ్రయించే వీలు అందులో ముఖ్యమైనవి. మణిపూర్ కేసులో 2016లో అదే కోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. కల్లోలిత ప్రాంతంలోనైనా, సైన్యం చేతిలోనైనా, అతిగా బలం వాడారన్న ఆరోపణ వస్తే విచారణ తప్పదంది.

తీర్పులు వచ్చినంత మాత్రాన తంతు ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న, ఒక్కరోజే, శేషాచలం అడవిలో ఎర్రచందనం కూలీలు 20 మంది, ఆలేరు దగ్గర పోలీసు వాహనంలో తరలిస్తున్న విచారణ ఖైదీలు ఐదుగురు కాల్పుల్లో చనిపోయారు. రెండు చోట్లా పోలీసులు చెప్పిన మాట ఆత్మరక్షణే.

5. పూలు చల్లిన చేతులు

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన కేసు దగ్గరికి వస్తాను. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం ఈ రాష్ట్రాన్ని కుదిపేసింది. డిసెంబర్ 6 వేకువన చటాన్‌పల్లి వంతెన దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కస్టడీలో ఉండగానే కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. 2008లో వరంగల్ యాసిడ్ దాడి నిందితులు ముగ్గురు చనిపోయినప్పుడూ ఇలాంటి సంబరమే జరిగింది.

పూలు చల్లిన ఆడవాళ్ళను నేను నిందించలేను. రాత్రి ఇల్లు చేరేదాకా కూతురి ఫోను కోసం ఎదురుచూసే తల్లి కోపం నిజమైనది. అత్యాచారం కేసు ఏళ్ళ తరబడి వాయిదాల మీద నడవడం నిజం. ఆ కోపానికి జవాబు వేగంగా పనిచేసే కోర్టు, దర్యాప్తు తెలిసిన పోలీసు, రాత్రిపూట వెలిగే వీధిదీపం. ఆ మూడూ ఇవ్వలేని ప్రభుత్వాలు నాలుగు శవాలను చూపించి చేతులు దులుపుకున్నాయి.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022 జనవరిలో నివేదిక ఇచ్చింది. పిస్తోళ్ళు లాక్కున్నారన్న పోలీసు కథ నమ్మదగింది కాదంది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని తేల్చింది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. ఆ నలుగురే ఆ ఘోరం చేశారా అన్నది ఇక ఏ కోర్టూ చెప్పలేదు. చనిపోయిన ఆ అమ్మాయికి కోర్టు తీర్పు అన్నది లేకుండా పోయింది. ఆత్మరక్షణ పేరుతో జరిగిన కాల్పులు మొదటి నేరానికి దక్కాల్సిన న్యాయాన్ని కూడా మింగేశాయి.

6. పోలీసు ప్రాణమూ ప్రాణమే

పౌరహక్కుల వాదులకు పోలీసుల చావులు పట్టవన్న మాట మనం చాలాసార్లు విన్నాం. పోలీసు అధికారులు వ్యాస్ 1993లో లాల్‌బహదూర్ స్టేడియంలో, ఉమేశ్ చంద్ర 1999లో ఎస్.ఆర్. నగర్‌లో హత్యకు గురయ్యారు. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో పడవ మీద దాడిలో గ్రేహౌండ్స్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. వాళ్ళ కుటుంబాల దుఃఖం ఎవరి దుఃఖానికీ తీసిపోదు. తూటాలు దూసుకొస్తున్నప్పుడు ఎదురు కాల్చిన జవానుకు కట్నీ దుకాణదారుకు ఉన్న రక్షణ సంపూర్ణంగా ఉంది. ఆ రక్షణను ఎవరైనా కాదంటే అతని తరఫున నేను కోర్టులో నిలబడతాను.

కానీ నిజంగా ప్రాణభయంతో కాల్చిన జవానుకు స్వతంత్ర దర్యాప్తు వల్ల వచ్చే నష్టం లేదు. ఖాళీ తూటాలు దొరికిన చోటు, గాయాల తీరు, బాలిస్టిక్ నివేదిక, వైర్‌లెస్ రికార్డు అన్నీ అతని మాటనే బలపరుస్తాయి. విచారణ లేని వ్యవస్థలో నిజమైన ఎదురుకాల్పులూ బూటకపువీ ఒకే ఫైలులో కలిసిపోతాయి. నిజాయితీగా పోరాడిన జవాను మీద కూడా అనుమానం జీవితాంతం వేలాడుతుంది. ఆ అనుమానం నుంచి అతన్ని విడిపించగలిగేది కోర్టు ఒక్కటే.

7. చేయాల్సిన పనులు

మాటలతో ముగించడం కన్నబిరాన్ గారికి నచ్చేది కాదు గనక పనుల గురించి చెబుతాను.

ప్రకాశ్ సింగ్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు చెప్పిన పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో స్వతంత్రంగా పనిచేయాలి. ఎన్‌కౌంటర్ల మీద జరిగిన మెజిస్టీరియల్ విచారణల నివేదికలన్నీ తెలుగులో ప్రచురించాలి. ఆపరేషన్లకు వెళ్ళే బృందాలకు ఒంటి మీద కెమెరాలు ఉండాలి, వాటి రికార్డు ఆ బృందం చేతిలో ఉండకూడదు. కాల్పుల కేసుల్లో ప్రాసిక్యూషన్ అనుమతి మీద నిర్ణయానికి గడువు ఉండాలి, నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా కుటుంబానికి అందాలి. కానిస్టేబుల్ శిక్షణలో తుపాకీ పేల్చడంతో పాటు, తుపాకీ తీయకుండా మాటలతో పరిస్థితిని చల్లార్చడం కూడా పరీక్ష పెట్టి నేర్పాలి. పౌరుల వైపు చూస్తే ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు, ఎక్కడ ఆగిపోతుందన్నది పాఠశాలలో, గ్రామసభలో, మహిళా సంఘాల్లో చెప్పాలి.

ఇక్కడున్న యువ న్యాయవాదులకు ఒక విన్నపం. ఎన్‌కౌంటర్ వార్త విన్న రోజున చనిపోయినవాడి పాత కేసుల జాబితా టీవీలో వస్తుంది. దాన్ని చూసి ఆగిపోకండి. ఎఫ్.ఐ.ఆర్. ఎవరి మీద నమోదైందో, దర్యాప్తు ఎవరి చేతిలో ఉందో, ఆయుధాలు అప్పగించారో లేదో అడగండి. కుటుంబం ఎంత పేదదైనా సెషన్స్ కోర్టు గడప దాకా తోడు వెళ్ళండి. చనిపోయినవాడు అమాయకుడని మీరు నమ్మనక్కర్లేదు. రాజ్యాంగం 21వ అధికరణ ప్రాణానికి ఇచ్చిన హామీ మంచివాళ్ళకు మాత్రమే ఇచ్చింది కాదు. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణమూ తీయకూడదన్నదే ఆ హామీ. ఆ పద్ధతి పాటించారో లేదో తేల్చే పని కోర్టుది. తేల్చమని అడిగే పని మనది.